మోకు పురి ఇడిసింది

పోయిన నెల మా ఇంటికి వచ్చిన ఇంగ్లండు అమ్మాయి తన ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "ఇది మా తాతగారు ఒమన్‌లో ఉన్నప్పుడు స్వయంగా చేసుకున్న బొమ్మ" అంది. జానెడున్నర రెక్కలున్న చెక్క విమానం. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. విమానం ముక్కు దగ్గర రెండు సన్నని బెజ్జాలున్నాయి. అవి మోకు తగిలించడానికి పెట్టినవని ఆ అమ్మాయి నాకు వివరించబోయింది. "కాదమ్మా, అవి ఫ్యాను బిగించిన మేకుల బెజ్జాలు. ఈ బొమ్మ మీ తాత చేయలేదు. మా రాజయ్య మామ చేశాడు" అన్నాను. ముసలివాడికి మతి సరిగ్గా లేదనుకుంది కాబోలు, నా చేతిని మెల్లగా తట్టి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అయినా ఇంటికి వచ్చిన పిల్ల కదా అని అన్నం పెట్టి, మామిడికాయ తొక్కు కొంచెం తగ్గించి వడ్డించి, మర్యాదగా సాగనంపాను. ఆమె తన తాత జీవితం మీద పుస్తకం రాస్తోందట. ఆయన పాత కాగితాల్లో నా పేరూ ఊరూ కనిపిస్తే, నేను కథలు రాసిన పత్రికల వాళ్లను అడిగి నన్ను పట్టుకుందట. యుద్ధంలో ఆయన చేసిన సాహసాలన్నీ రాసేసింది. ఒమన్ గురించి మాత్రం ఒక పేజీ ఖాళీగా ఉంది. "ఆయన తన ఇండియన్ కుర్రాళ్లను ఎంత బాగా చూసుకునేవారో మీరే రాయాలి" అంది. కుర్రాళ్లు! రాజయ్య మామకు అప్పటికే ఆయనకున్నన్ని ఏళ్లు ఉన్నాయి. ఆ పేజీ నేను ఆమెకు పంపలేదు. ఇది రాస్తున్నాను.

మేం ఉన్నది ఖురియాత్‌లో. మస్కట్ నుంచి వాగుల్లో పడి, రాళ్ల మీద ఎగిరెగిరి వెళితే సగం రోజు ప్రయాణం. అక్కడ మా కంపెనీ సర్కారు బడి ఒకటి కడుతోంది. కరీంనగర్ వైపు నుంచి పోయినవాళ్లం పన్నెండు మందిమి, సముద్రం ఒడ్డున ప్లైవుడ్ గోడల రూముల్లో ఉండేవాళ్లం. ఊరివాళ్లు చిన్న చేపలను ఇసుకలో పరిచి ఎండబోసేవారు. ఆ వాసన మా బట్టలకు, దుప్పట్లకు, చివరికి తాగే చాయ్‌కి కూడా పట్టేది. మొదటి పది రోజులు ముక్కు మూసుకున్నాం, తర్వాత ఆ వాసన లేకపోతే ఏదో తక్కువైనట్టు అనిపించేది. పొద్దున నాలుగింటికల్లా రాజయ్య మామ లేచి కిరోసిన్ స్టవ్ ముట్టించేవాడు. ఆయనది మా పక్క ఊరు, వడ్ల పనిలో, అంటే వడ్రంగంలో, చెయ్యి తిరిగిన మనిషి. మా నాన్నను బావా అనేవాడు కాబట్టి నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ని. చింతపండు మూట ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. పప్పులో ఎంత వేయాలో ఆయనే చూసి వేసేవాడు, ఇంకెవరినీ ఆ మూట ముట్టుకోనిచ్చేవాడు కాదు. శుక్రవారం డ్యూటీ లేని రోజు అందరూ తలలకు నూనె రాసుకుంటుంటే, ఈయన మాత్రం ఆ కొబ్బరినూనెను ముందు ఉలికి, బాడిసెకు, రంపానికి పట్టించి, మిగిలింది తన నెత్తికి రాసుకునేవాడు. పనిముట్టును దాటి నడిచినవాణ్ని ఎవరని చూడకుండా తిట్టేవాడు. సైటుకు కొత్త చెక్క వస్తే ముందు వాసన చూసేవాడు. "ఇది ఎండలే అల్లుడా, ఇంక నీళ్లు తాగుతున్నది" అని చెప్పేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

నేను అప్పటికి ఇంటర్ పాసై, జగిత్యాలలో టైపు నేర్చుకుని పోయినవాణ్ని. అందుకే ఎండలో రాళ్లు మోసే పని తప్పి, సైటు ఆఫీసులో టైపు మిషన్ ముందు కుర్చీ దొరికింది. హాజరు వేయడం, చీటీలు కొట్టడం, మావాళ్లు తెలుగులో చెప్పింది సార్‌కు ఇంగ్లీషులో చెప్పడం నా డ్యూటీ. ఆ గదిలో కిటికీకి నీళ్ల కూలర్ ఉండేది. ఎండాకాలంలో ఆ కూలర్ ముందు కూర్చున్నవాడు రాజుతో సమానం. ఆ కుర్చీ కోసం నేను ఏమైనా చేస్తానని అప్పుడు నాకు తెలియదు.

సార్ అంటే టాల్బట్, ఆ అమ్మాయి తాత. సైటుకు పెద్ద. పొడుగ్గా, ఎండకు కందిపోయిన ముఖంతో ఉండేవాడు. ఆయన పేరు వినగానే మావాళ్లు తాళిబొట్టు అన్నారు. తాళిబొట్టేమిటి, మన దిక్కు పుస్తెలంటరు కదా అని రాజయ్య మామ ఆయన్ను పుస్తెల దొరను చేశాడు. ఆయన ముందు అందరం సార్ అనేవాళ్లం, వెనక పుస్తెల దొర. ఆయన సముద్రానికి ఎప్పుడూ వీపు పెట్టి కూర్చునేవాడు. ఖురియాత్‌లో ఆఫీసు గుమ్మం నుంచి నలభై అడుగులు వేస్తే నీళ్లు, ఆయన మాత్రం ఆ నలభై అడుగులు ఎన్నడూ వేయలేదు. సాయంత్రాలు మేం సముద్రంలో దిగి స్నానాలు చేస్తుంటే ఆఫీసు తలుపు మూసుకునేవాడు. దొరకు నీళ్లంటే భయమని మేం నవ్వుకునేవాళ్లం.

ఒక శుక్రవారం ఆయన షట్టరింగ్ ప్లైవుడ్ ముక్క ఒకటి పట్టుకుని మా రూముకు వచ్చాడు. కాగితం మీద బొమ్మ గీసి, నాకు విమానం కావాలి, మీ వడ్రంగిని చేయమను అని నాతో చెప్పించాడు. రాజయ్య మామకు ఏనుగెక్కినంత సంతోషం. రెండు శుక్రవారాలు కూర్చుని చేశాడు. రెక్కలు ఎంత పల్చగా చెక్కాడంటే ఎండకు పెడితే వెలుగు కనిపించేది. తీరా ఇచ్చే రోజున, దొర కాగితంలో మరిచిపోయాడని చెప్పి, రేకు ముక్కతో ఫ్యాను కూడా చేసి ముక్కుకు బిగించాడు. ఊదితే గిర్రున తిరిగేది. టాల్బట్ ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి చాకు తీసి, ఆ ఫ్యాను ఊడబెరికి, బల్ల మీద పెట్టాడు. "దీనికి ఇంజిన్ ఉండదు" అన్నాడు. నేను చెప్పగానే రాజయ్య మామ ముఖం చిన్నబోయింది.

"ఇంజినీ లేకుంటే గాలిమోటర్ ఎట్లయితది అల్లుడా? మోటర్ లేని గాలిమోటరా? దొర మనతోని పరాచికాలాడుతుండు" అన్నాడు.

మా దిక్కున విమానానికి గాలిమోటర్ అనే పేరు. ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెబితే టాల్బట్ మొదటిసారి మా ముందు పడిపడి నవ్వాడు. తర్వాత అక్కడే బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మోటర్ లేని గాలిమోటర్ కథ చెప్పాడు. అది మొదలు ప్రతి శుక్రవారం చెప్పాడు. నేను తెలుగులో చెబుతుంటే మావాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు.

యుద్ధంలో ఆయన నడిపింది గ్లైడర్. చెక్కా, గుడ్డా, జిగురూ, అంతే. దానిలో పాతికమందికి పైగా సిపాయిలు. ముందు ఇంజిన్ ఉన్న విమానం ఒకటి దీన్ని పొడవాటి మోకుతో కట్టి గాల్లో ఈడ్చుకుపోతుంది. శత్రువు నేల దగ్గరపడ్డాక మోకు వదిలేస్తారు. దానికి ఆయన వాడే మాట రిలీజ్. మోకు రిలీజ్ అయ్యాక ఇక వెనక్కి పోవడం లేదు, ఇంకో చుట్టు తిరగడం లేదు. దిగడం ఒక్కటే. ఏ పొలం దొరికితే ఆ పొలంలో దింపి, పైలట్ కూడా తుపాకీ పట్టుకుని సిపాయిలతో కలిసి పోరాడాలి. ఒకసారి సముద్రం మీదుగా పోతున్నారు. ఒడ్డు నుంచి ఫిరంగులు పేలాయి. ముందున్న విమానం వాళ్లు బెదిరిపోయి, ఒడ్డు ఇంకా దూరం ఉండగానే మోకును తమ వైపు నుంచి వదిలేసి తిరిగిపోయారు. గ్లైడర్ నీళ్లలో పడింది. లోపల ఉన్నవాళ్లలో సగం మంది బరువైన బూట్లతో, సంచులతో మునిగిపోయారు. చెక్క కాబట్టి రెక్క తేలింది. తెల్లవారి పడవ వచ్చేదాకా ఈయన ఆ రెక్క పట్టుకుని, పక్కన పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే చేతులు వదిలేస్తుంటే చూస్తూ ఉన్నాడు. ఇది చెప్పిన రోజు మాలో ఎవ్వరం సముద్రంలో స్నానానికి పోలేదు.

ఆయన కడుపుమంట దాని గురించి కూడా కాదు. తర్వాత విచారణ జరిగింది. విమానం వాళ్లు అధికారుల పిల్లలట, వాళ్ల మీదికి మాట రాకూడదు. అందుకని గ్లైడర్ పైలట్ తానే తొందరపడి మోకు రిలీజ్ చేశాడని కాగితంలో రాశారు. ఒక్క వాక్యం. "ఆ వాక్యం నా వెనకాలే వచ్చింది" అనేవాడు టాల్బట్. యుద్ధం అయిపోయాక ఇంజిన్ లేని విమానం నడిపేవాడితో ఎవరికి పని? విమాన కంపెనీల వాళ్లు ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. ఇటుకల పనికి పోయాడు, మేస్త్రీ అయ్యాడు, ఎడారి దేశాలన్నీ తిరిగి ఆఖరికి మా నెత్తిన సార్ అయ్యాడు. చెప్పేటప్పుడు ఆయన పళ్లు పటపట కొరికేవాడు. రాజయ్య మామ లేచి వెళ్లి ఆయనకు తన చేతులతో చాయ్ పోసి ఇచ్చాడు. "పాపం, తప్పు ఒకలది, పేరు ఇంకొకలది. గంత అన్యాలం ఉంటదా" అని రెండు రోజులు బాధపడ్డాడు.

అలాంటి మనిషి కాబట్టే, మోకు మాట ఎత్తగానే పరిగెత్తుకుంటూ వస్తాడని అనుకున్నాను. బడి మీది అంతస్తుకు షట్టరింగ్ పలకలను గిరక మీదుగా మోకుతో లాగేవాళ్లు. ఒకరోజు పొద్దున రాజయ్య మామ ఆఫీసు గుమ్మంలో నిలబడి, "అల్లుడా, మోకు పీచులేస్తున్నది. ఇంక పదిరోజులు ఆగదు. దొరకు జెప్పు" అన్నాడు. చెప్పాను. కొత్త మోకు కోసం మస్కట్‌కు చీటీ టైపు చేయమన్నాడు. చేసి ఆయన బల్ల మీద పెట్టాను. తర్వాత రెండుసార్లు రాజయ్య మామ అడిగాడు, రెండుసార్లూ నేను సార్‌ను అడిగాను. వస్తోంది, వస్తోంది అన్నాడు.

ఎనిమిదో రోజున మోకు తెగింది. రాజయ్య మామ కిందనుంచి ఒక చేత్తో మోకు లాగుతూ, ఇంకో చేత్తో పలకల కట్ట ఊగకుండా పట్టుకుని ఉన్నాడు. గిరక దగ్గర తెగి, ఆ కట్టంతా కిందికి దిగి ఆయన కుడి చేతిని రాళ్లకేసి నొక్కేసింది. నేను పోయేసరికి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టారు. ముఖం బూడిద రంగులో ఉంది. ఏడవడం లేదు, మోకు కొసను ఎడమ చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. టాల్బట్ వచ్చి, ఏం జరిగిందో అడగమన్నాడు.

"పురి ఇడిసింది అల్లుడా. మోకు పురి ఇడిసింది. నేను జెప్తనే ఉన్న" అన్నాడు రాజయ్య మామ.

పురికి, అంటే మోకు పేనినప్పుడు పడే మెలికకు, ఇంగ్లీషు మాట నాకు తెలియదు. ఈ రోజు దాకా నాకు ఆ మాట మీద కోపమే. విడవడానికి మాత్రం ఒక మాట తెలుసు, శుక్రవారం శుక్రవారం ఆయన నోట విన్నదే. "రోప్ రిలీజ్డ్, సార్" అన్నాను. టాల్బట్ ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో ఏదో వెలిగినట్టయింది. "ఎవరు రిలీజ్ చేశారు?" అని అడిగాడు. మా భాషలో మోకు దానంతట అదే విడుస్తుంది, ఇంగ్లీషుకు ఎవడో ఒకడు కావాలి. ఆయన నా జవాబు కోసం ఆగలేదు.

కంపెనీలో ఒక రూలు ఉండేది. సైటు తప్పు వల్ల దెబ్బ తగిలితే మస్కట్ ఆసుపత్రిలో ఉంచి, నయమయ్యేదాకా వైద్యం చేయిస్తారు. పనివాడి అజాగ్రత్త వల్ల అయితే కట్టు కట్టి తర్వాతి విమానంలో ఇంటికి, ఖలాస్. రెండిట్లో ఏదన్నది సైటు నుంచి పోయే రిపోర్టును బట్టి. బయట మా డ్రైవరు, కడప జబ్బార్ భాయ్, బండి స్టార్టు చేసి, రాజయ్య మామను వెనక పడుకోబెట్టి, హారన్ మీద హారన్ కొడుతున్నాడు. "దేర్ నక్కో కరో భాయ్, హాత్ హై తో సబ్ హై!" అని, ఆలస్యం చేయొద్దు, చెయ్యి ఉంటేనే అన్నీ ఉన్నట్టని అరుస్తున్నాడు. లోపల టాల్బట్ నిలబడి చెబుతున్నాడు, నేను టైపు కొడుతున్నాను. పనివాడు తానే మోకు రిలీజ్ చేశాడు, అని చెప్పాడు. నా వేళ్లు ఆగాయి. "టైప్" అన్నాడు ఆయన, గొంతు పెంచకుండా. కొట్టాను. అనువదించినవాడు అన్న చోట సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. కవరు తీసుకెళ్లి జబ్బార్ భాయ్ చేతికి నేనే ఇచ్చాను. "జల్ది వస్త అల్లుడా, నా పనిముట్లు పైలం" అన్నాడు రాజయ్య మామ బండిలోంచి.

మూడో రోజున ఆయన్ను విమానం ఎక్కించారు. ఆ సంగతి జబ్బార్ భాయ్ తిరిగొచ్చి చెప్పాడు. డాక్టరు కాగితం చదివి, చేతిని చూడకుండానే కట్టు కట్టమన్నాడట. ఆ సాయంత్రం నేను టాల్బట్ గదిలోకి పోయాను. నా జీవితంలో పెద్దవాళ్ల మీద గొంతు లేపింది అదే మొదలు. "సార్, మోకు పాతది. నా ఇంగ్లీషు తప్పు. మీకూ తెలుసు" అన్నాను. ఆయన ఖాతా పుస్తకం కోసం సొరుగు లాగాడు. దానిలో పైనే, కొత్త మోకు కోసం నేను కొట్టిన చీటీ పడి ఉంది, సంతకం లేకుండా. ఇద్దరం దాన్ని చూశాం. ఆయన మెల్లగా సొరుగు మూశాడు.

"ఆ మాట నీది, నాది కాదు" అన్నాడు. మళ్లీ తనే, "నాకు యాభై దాటాయి. ఇక్కణ్నుంచి పంపిస్తే నాకు ఇంకెవరు పని ఇస్తారు?" అన్నాడు.

జాలి కలగాల్సిన మాటే. నాకు కలగలేదు. ఇప్పటికీ కలగదు. దెబ్బ ఎలా ఉంటుందో తెలియనివాడు కొడితే ఒక లెక్క. ఆ దెబ్బ ముప్పై ఏళ్లు ఒంటి మీద మోసి, ప్రతి శుక్రవారం మాకు చూపించి, మా చాయ్ తాగి, అదే దెబ్బను తీసి రాజయ్య మామ మీద వేశాడు. అదే మాటతో వేశాడు. మర్నాడు గిరకకు కొత్త మోకు వచ్చింది, బహ్లా సైటు నుంచి ఒక్క రోజులో తెప్పించాడు. పాత మోకును ముక్కలు కోయించి, టార్పాలిన్లకు కట్టించాడు. ఆ అమ్మాయి పుస్తకంలో ఆయన రిటైరై సముద్రం లేని ఊళ్లో ఇల్లు కట్టుకుని, గులాబీలు పెంచాడని ఉంటుంది. ఉండనీ.

మా దిక్కు పిల్లలు ఇప్పటికీ గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. ప్రతివాడి చేతిలో ఫోన్ ఉంది. ఇప్పుడైతే ఆ మోకు కొసను ఎవడో ఒకడు ఫొటో తీసి, సాయంత్రానికల్లా ఊరందరికీ పంపేవాడు. చేపలు ఎండబోసిన ఇసుక మీద హోటళ్లు లేచాయట. మంచిదే. కానీ మొన్న మా వీధి పిల్లవాడు తెచ్చిన కంపెనీ కాగితం చూశాను, కింద అతని సంతకం, పైన అతనికి ఒక్క ముక్క రాని భాష. ఏం రాసుందిరా అంటే, మేనేజర్ మంచోడే తాతా, ఏం కాదు అన్నాడు. నా మనవడి వయసున్న వాణ్ని పట్టుకుని చెడామడా తిట్టాను. వాడు బిత్తరపోయి వెళ్లిపోయాడు.

రాజయ్య మామను పంపేసిన రెండేళ్లకు సెలవు మీద వచ్చి ఆయన ఇంటికి పోయాను. పనిముట్ల సంచి నేనే మోసుకెళ్లాను. ఎముకలు అడ్డదిడ్డంగా అతుక్కుని, కుడిచేతి వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. ఎవరిదో మామిడితోటకు కాపలా ఉంటున్నాడు. సంచి తీసుకుని, విప్పకుండా పక్కన పెట్టాడు. నేను మొత్తం చెప్పాను. పురికి మాట దొరకకపోవడం, నా నోట్లోంచి ఊడిపడ్డ మాట, దొర దాన్ని తిప్పిన తీరు, సొరుగులో చీటీ. దొరను నానా తిట్లూ తిట్టాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"నువ్వు తెల్వక అన్నవ్. సరే. దొర ఉల్టా రాయిస్తున్నడని నీకప్పుడు సమజైందా, కాలేదా?" అన్నాడు.

"అయింది మామా."

"అయినంక?"

కూలర్ గాలి, కుర్చీ, మళ్లీ ఎండలోకి పంపేస్తారన్న భయం, ఇవి చెప్పడానికి నోరు రాలేదు.

"గా మిషన్ ఒక్క చేత్తోని కొడ్తరా, రెండు చేతులతోనా?"

"రెండు చేతులతోని."

ఆయన నా చేతుల వైపు చూశాడు. తర్వాత లోపలికి తిరిగి, "సార్ వచ్చిండు, చాయ్ పొయ్యి" అని భార్యకు చెప్పాడు. ఆ తర్వాత బతికున్నన్నేళ్లూ ఎక్కడ ఎదురుపడ్డా నన్ను సార్ అనే పిలిచాడు.